నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా? పరిశోధనను పల్లెకు చేర్చడంలో షార్ట్ ఫిల్ముల సత్తా ఎంత

క్లుప్తంగా

పరిశోధనను చిన్న ఫిల్ముగా తీసి జనం ఫోన్లలోకి పంపడం ఇప్పుడు జిల్లా విశ్వవిద్యాలయాలకు కూడా చేతికందే పని. అయితే మంచి కెమెరా, చక్కటి గొంతు ఉన్నంత మాత్రాన చూసినవాళ్ల అవగాహన మారదు. జనంలో ముందే పాతుకుపోయిన నమ్మకాన్ని ఫిల్ము పట్టించుకుందా, తెర పక్కన జవాబు చెప్పే మనిషి ఉన్నారా, ఆ పని చేసిన అధ్యాపకులకు ఉద్యోగంలో లెక్క దొరుకుతుందా అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి. నల్లగొండ ఫ్లోరైడ్ కథలో ఇవన్నీ దగ్గరగా కనిపిస్తాయి.

లండన్‌లో అచ్చయిన నల్లగొండ

బోరు నీళ్లు బాగా మరగబెట్టి తాగితే ఫ్లోరైడ్ బాధ ఉండదని చాలామంది అనుకుంటారు. అలా అనుకోవడంలో తర్కం లేకపోలేదు. మరగబెడితే క్రిములు చస్తాయని బడిలో చెప్పారు, ఆసుపత్రిలో చెప్పారు, గోడల మీద కూడా రాశారు. కానీ ఫ్లోరైడ్ క్రిమి కాదు, నీళ్లలో కరిగి ఉన్న లవణం. మంట పెడితే నీళ్లు ఆవిరవుతాయి తప్ప అది ఎక్కడికీ పోదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 2 లీటర్లు పొయ్యి మీద పెడితే గిన్నెలో మొత్తం 4 మిల్లీగ్రాములు ఉన్నట్టు. అర లీటరు ఆవిరైపోతే మిగిలిన లీటరున్నరలోనూ ఆ 4 మిల్లీగ్రాములే ఉంటాయి. అంటే లీటరుకు 2.67. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. మంచికోసం చేసిన పని నీళ్లను ఆ పరిమితి నుంచి ఇంకా దూరం తీసుకెళ్లింది.

ఈ విషయం శాస్త్రానికి కొత్తది కాదు. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. దేశంలో దాన్ని 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న యువకుల గురించి 1973లో లాన్సెట్‌లో రాశారు. రెండు పత్రికలూ లండన్‌వే. 1970వ దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాల నీటి ఇంజినీర్లకు ‘నల్గొండ టెక్నిక్’ అంటే తెలుసు.

ఇంత పరిశోధన జరిగిన చోటే పొయ్యి దగ్గర అపోహ మిగిలిందంటే కారణం జ్ఞానం లేకపోవడం కాదు, అది వెళ్లిన దారి. పరిశోధన ఇంగ్లిష్‌లో రాస్తారు, తోటి పరిశోధకులే చదువుతారు, దాన్ని ప్రస్తావిస్తూ మరో ఇంగ్లిష్ వ్యాసం వస్తుంది. ఏ ఊళ్లో బిందెలతో నమూనాలు పట్టుకెళ్లారో ఆ ఊరికి ఫలితం తిరిగి రావాలన్న నిబంధన ఆ చక్రంలో ఎక్కడా లేదు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పరిశోధకులు ఊళ్లకు దగ్గరయ్యారు. పరిశోధన భాష మాత్రం మారలేదు.

ఇప్పుడే ఎందుకీ చర్చ

తెర మీద శాస్త్రం చూపించే ప్రయత్నం మన దగ్గర యాభై ఏళ్ల కిందటే మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన ‘సైట్’ ప్రయోగంలో నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 1984లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరదర్శన్‌లో పాఠాల ప్రసారం మొదలుపెట్టింది. వాటికోసం ఏర్పడిన నిర్మాణ కేంద్రాల్లో ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ రెండూ పైనుంచి కిందికి పోసిన నీళ్లలాంటివి. ఏం చూపించాలో కేంద్రంలోనే తేలేది, చూసేవాళ్లు తిరిగి అడిగే వీలుండేది కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. పరిశోధక విద్యార్థి జేబులోని ఫోనే కెమెరా, ఎడిటింగ్ కూడా అందులోనే. యూట్యూబ్ షార్ట్స్ నిడివి 2024 అక్టోబర్‌లో మూడు నిమిషాలకు పెరిగింది. ఒక చిన్న శాస్త్ర విషయాన్ని ఊపిరి తీసుకుంటూ చెప్పడానికి మూడు నిమిషాలు చాలు. విధానపరంగానూ ఒత్తిడి వచ్చింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2022 మేలో విడుదల చేసిన శాస్త్రీయ సామాజిక బాధ్యత మార్గదర్శకాలు, శాస్త్రవేత్తలు ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజంతో జ్ఞానం పంచుకోవడానికి కేటాయించాలంటున్నాయి. మరోవైపు సైన్స్ సినిమాలకు జాతీయ ఉత్సవాలు నడిపిన విజ్ఞాన్ ప్రసార్ సంస్థ 2023లో మూతపడింది. సైన్స్‌ను జనానికి చెప్పడమే పనిగా పెట్టుకున్న సంస్థ పోయాక ఆ బరువు విశ్వవిద్యాలయాల మీదికి జరిగింది.

స్పష్టంగా చెబితే సరిపోదు

ఫిల్ము తీసేవాళ్లు సాధారణంగా ‘విషయాన్ని తేలిగ్గా, స్పష్టంగా చెప్పాలి’ అనుకుంటారు. అది సరిపోదని చెప్పే పరిశోధన ఒకటి ఉంది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ తన పీహెచ్‌డీ కోసం ఫిజిక్స్ విద్యార్థులకు రెండు రకాల వీడియోలు చూపించారు. ఒక రకం సూటిగా, చక్కగా పాఠం చెప్పింది. రెండోది విద్యార్థుల్లో సహజంగా ఉండే తప్పు అభిప్రాయాన్ని ముందు తెర మీదికి తెచ్చి, తర్వాత అది ఎందుకు తప్పో చూపించింది. మొదటి రకం చూసినవాళ్లు ‘బాగా అర్థమైంది’ అన్నారు, కానీ పరీక్షలో మార్కులు పెద్దగా పెరగలేదు. రెండో రకం చూసినవాళ్లు ‘కొంచెం గందరగోళంగా ఉంది’ అన్నారు, మార్కులు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చాయి.

కారణం తెలుసుకోదగ్గది. ముందే ఒక అభిప్రాయం ఉన్న మనిషి సూటిపాఠం వింటే, తనకు తెలిసిందే చెబుతున్నారనుకుంటాడు. కొత్త సమాచారం పాత నమ్మకం పక్కన కూర్చుంటుంది తప్ప దాన్ని లేపదు. తన నమ్మకం తన కళ్లముందే ఓడిపోయినప్పుడు మాత్రమే బుర్ర పని మొదలుపెడుతుంది.

ఈ సూత్రాన్ని ఫ్లోరైడ్‌కు వర్తింపజేస్తే ఫిల్ము ఆకారమే మారిపోతుంది. ‘ఫ్లోరిన్ ఒక హాలోజన్ మూలకం’ అని మొదలుపెట్టే పనిలేదు. ఫ్లోరైడ్‌కు మూలమైన గ్రానైట్ రాళ్ల చిత్రమూ మొదట్లో అక్కర్లేదు. పొయ్యి మీద గిన్నె చాలు. ఒకావిడ బోరు నీళ్లు మరగబెడుతుంటుంది, ఎందుకని అడిగితే ‘ఫ్లోరైడ్ పోవడానికి’ అంటుంది. మరగబెట్టక ముందు తీసిన నీళ్లు ఒక గాజు గొట్టంలో, మరిగిన నీళ్లు మరో గొట్టంలో. రెండింట్లోనూ ఫీల్డ్ టెస్ట్ కిట్‌లోని జిర్కోనియం రంగు ద్రావణం చుక్కలు పడతాయి. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ గులాబీ రంగు పసుపు వైపు తిరుగుతుంది. తేడా కొట్టొచ్చినట్టు కనబడాలంటే నీళ్లు సగానికి ఇగిరేదాకా మరగబెట్టాలి. అప్పుడు ఫ్లోరైడ్ రెట్టింపవుతుంది, మరిగిన నీళ్ల గొట్టమే ఎక్కువ పసుపుగా కనిపిస్తుంది. ఆ క్షణంలో వ్యాఖ్యాత ఏమీ మాట్లాడకపోవడమే మేలు.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు. మన బోర్లలో ఉండే మోతాదులో రుచి, వాసన కూడా తెలియవు. అలాంటి దాన్ని కంటికి కనిపించేలా చేయగలగడం కరపత్రానికి, ఉపన్యాసానికి లేని బలం, ఫిల్ముకే ఉన్న బలం. అయితే అన్ని పరిశోధనలకూ ఇలాంటి రంగుమారే గొట్టం దొరకదు. ఒక పరిశోధనను ఫిల్ముగా తీయాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికొచ్చే మొదటి ప్రశ్న బహుశా ఇదే: ఇందులో కంటిముందు మారే వస్తువు ఏదైనా ఉందా? లేకపోతే రేడియో, కరపత్రం, గ్రామసభలో మాట్లాడటం అంతకన్నా మేలు కావచ్చు.

‘కావచ్చు’ అన్న మాటకు ఎడిటింగ్‌లో గండం

పరిశోధన వ్యాసంలో ప్రతి వాక్యానికీ ఒక బరువు ఉంటుంది. ‘అయింది’, ‘అయి ఉండవచ్చు’, ‘ఇంకా చూడాలి’ అనేవి మూడు వేర్వేరు మాటలు. మూడు నిమిషాల ఫిల్ములో మొదట కత్తెర పడేది రెండో మాటకే.

మోకాళ్లు వంగిపోయే జబ్బు దీనికి మంచి ఉదాహరణ. ఫ్లోరైడ్ చాలా జిల్లాల్లో ఉన్నా ఈ రూపం కొన్ని చోట్లే ఎందుకు కనిపించిందని 1970లలో పోషకాహార శాస్త్రవేత్తలు వెతికారు. వాళ్లు ముందుకు తెచ్చిన వివరణ ఒక గొలుసు లాంటిది. నాగార్జునసాగర్ నీళ్లతో భూగర్భ జలమట్టం పెరిగింది, నేల రసాయన గుణం మారింది, అక్కడ పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పెరిగింది, అది ఒంట్లో రాగిని తగ్గించింది, ఎముకల మీద ఫ్లోరైడ్ దెబ్బ మరింత పడింది. ఒక్కో కొక్కేనికీ ఒక్కో స్థాయి ఆధారం ఉన్న వివరణ ఇది. దీన్ని తొందరలో ఫిల్ముగా తీస్తే జనం దగ్గరికి చేరేది ‘డ్యామ్ వల్ల కాళ్లు వంకరపోయాయి’ అనో, ‘జొన్నరొట్టె తింటే ప్రమాదం’ అనో. జొన్న ఇక్కడి పేదల తిండి. దాని మీద అకారణంగా భయం పుట్టిస్తే జరిగే నష్టం ఫిల్ము వల్ల వచ్చే లాభం కన్నా పెద్దది.

తోటి శాస్త్రవేత్తల సమీక్ష పూర్తికాకముందే ఫిల్ము విడుదల చేయడం మరో చిక్కు. సమీక్షలో లెక్క తప్పని తేలితే వ్యాసాన్ని సరిదిద్దుకోవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిన వీడియోను వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. అందువల్ల వ్యాసం అచ్చయ్యాక ఫిల్ము, అందులో ఏ సంవత్సరం నమూనాలో తెర మీదే రాయడం అనే క్రమం పాటించాలి.

ఏ సంవత్సరమో చెప్పడం ఫ్లోరైడ్ విషయంలో మరీ ముఖ్యం. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక, తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అది తాగునీటి సరఫరాకు సంబంధించిన లెక్క. భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ అలాగే ఉంది, ఎందుకంటే అది రాతి నుంచి వస్తోంది. వంగిన వెన్నులు తిరిగి నిటారు కావు. సుమారు ఎనిమిదేళ్ల లోపు, పళ్లు ఏర్పడే వయసులో పడిన మచ్చలు ఆ తర్వాత మంచినీళ్లు తాగినా పోవు. ఈ సంగతులు విడదీసి చెప్పకుండా పాత దృశ్యాలతో కొత్త ఫిల్ము తీస్తే, చూసేవాళ్లు నల్లా నీళ్లను కూడా అనుమానించి మళ్లీ బోరింగు దగ్గరికి వెళ్లే ప్రమాదం ఉంది.

బొమ్మ మిగిలింది, కారణం జారిపోయింది

ఒక దృశ్యం ఎంత దూరం ప్రయాణిస్తుందో మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి నేర్పింది. మూడెకరాలకు పైగా విస్తరించిన ఆ మర్రికి చెదలు పట్టి, 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో అటవీ అధికారులు క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందును పలచగా కలిపి, సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. చెట్టుకు సెలైన్ పెట్టిన ఫొటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. ఒక అటవీ నివేదిక పదేళ్లలో చేరుకోలేని జనాన్ని ఆ ఫొటో రెండు రోజుల్లో చేరుకుంది.

అయితే ఆ బొమ్మ చూసినవాళ్లకు ఏం గుర్తుంటుంది? మనిషికి ఎక్కించినట్టే చెట్టుకూ బలం మందు ఎక్కించారన్న భావన. సీసాలో ఉన్నది గ్లూకోజ్ కాదు, చెదపురుగులను చంపే మందు. ఊడలకు రక్షణ, బరువైన కొమ్మలకు కింద ఆసరాగా కట్టిన స్తంభాలు, సందర్శకులు ఎక్కి తొక్కకుండా దూరం పెట్టడం లాంటి పనులు ఆ ఫొటోలో లేవు. గట్టి దృశ్యం దొరికినప్పుడు ఫిల్ము తీసేవాళ్లకు పని తగ్గదు, పెరుగుతుంది. ఆ దృశ్యం ఏ తప్పుడు కథను తనంతట తాను చెబుతోందో కనిపెట్టి, దానికి అక్కడికక్కడే జవాబు చెప్పాలి.

మనుషుల శరీరాలను చూపించేటప్పుడు ఈ బాధ్యత ఇంకా బరువైనది. వంకరపోయిన కాళ్లు, వంగిన నడుములు నల్లగొండ మీద తీసిన దృశ్యాల్లో ఎన్నోసార్లు కనిపించాయి. ఆ మనుషులు ఒప్పుకున్నారా, ఏ ఫిల్ములో ఎక్కడ చూపిస్తారో వాళ్లకు చెప్పారా, తీసింది వాళ్లకు ముందు చూపించారా అని అడగాల్సిందే. కాగితం మీద వేలిముద్ర తీసుకోవడాన్ని అనుమతి అనలేము.

తెర పక్కన మనిషి

వీడియో ఒక్కటే పనిచేస్తుందా, లేక పక్కన మనిషి కావాలా అన్నదానికి వ్యవసాయ రంగంలో కొలిచిన ఆధారం ఉంది. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రాజెక్టు, అదే ప్రాంతపు రైతులతో వీడియోలు తీసి, ఊళ్లో ఒక స్థానిక వ్యక్తి చేత చూపించింది. ఆ వ్యక్తి మధ్యమధ్యలో వీడియో ఆపి ప్రశ్నలు అడుగుతారు, ఎవరు ఏం చేశారో రాసుకుంటారు. 16 పల్లెల్లో 1,470 కుటుంబాలతో చేసిన పరిశీలనలో, మామూలు శిక్షణ పద్ధతి కన్నా ఏడు రెట్లు ఎక్కువమంది కొత్త పద్ధతులు పాటించారు. ఒక్కో రైతు మారడానికి అయిన ఖర్చుతో చూస్తే పది రెట్లు లాభసాటి అని తేలింది.

ఈ అంకెల వెనుక ఉన్నది వీడియో మహిమ ఒక్కటే కాదు. తెర మీద కనిపించేది తమలాంటి రైతే. చూపించేది తెలిసిన మనిషి. ‘మా చేనుది ఎర్రనేల కదా, దీనికి కుదురుతుందా’ అని అప్పటికప్పుడే అడగొచ్చు. యూట్యూబ్‌లో పెట్టి లింకు పంపితే ఈ మూడింట్లో రెండు పోతాయి. వ్యూస్ లెక్క వేలల్లో కనిపించినా, ఒక్క ఇంట్లో అలవాటు మారిందో లేదో ఆ లెక్క చెప్పదు.

కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది కూడా చిన్న విషయం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన దళిత మహిళలు స్వయంగా కెమెరా నేర్చుకుని, వరంగల్ ప్రాంతపు బీటీ పత్తి రైతుల వెంట సీజన్ల తరబడి తిరిగి చిత్రాలు తీశారు. వాళ్లు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కళ్లకు సరిసమానంగా చూసేది సంఘం షాట్. విశ్వవిద్యాలయాల సైన్స్ ఫిల్ములు ఎక్కువగా ఏ షాట్‌లో తీస్తున్నారో గమనిస్తే, అవి పల్లెకు ఎందుకు అంటుకోవో సగం అర్థమవుతుంది. తెల్లకోటు నిలబడి చెబుతుంది, ఊరు కింద కూర్చుని వింటుంది.

భాష దగ్గరా ఇదే తేడా. ‘భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ గాఢత’ అన్న మాట తప్పు కాదు. ‘బోరు ఎంత లోతు పోతే ఫ్లోరైడ్ అంత పెరుగుతుందా’ అన్నది మాత్రం నల్లగొండ జిల్లా మర్రిగూడలోనో నాంపల్లిలోనో రైతు అడిగే మాట. ఫిల్ము రెండో మాటతో మొదలైతే మొదటి మాటకు తర్వాత చోటు దొరుకుతుంది.

ఎవరికి ఏం లెక్క

ఇన్ని ఉన్నా ఫిల్ములు ఎందుకు తక్కువగా వస్తున్నాయి? అధ్యాపకుల సమయం ఎటు లాగబడుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. పదోన్నతులకు చూసే 2018 యూజీసీ నిబంధనల పట్టికలో సైన్స్ అధ్యాపకుడి ఒక్కో పరిశోధన వ్యాసానికి 8 పాయింట్లు. నాలుగు క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సు పూర్తిగా తయారుచేస్తే 20. ఊరి జనం కోసం తెలుగులో తీసిన మూడు నిమిషాల ఫిల్ముకు ఆ పట్టికలో వేరే గడి లేదు. ర్యాంకుల దగ్గరా అంతే. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకుల పద్ధతి ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పరిశోధన, వృత్తిపరమైన కృషికి 30 శాతం బరువు ఉంది. ‘ఔట్‌రీచ్’ అనే పదంతో 10 శాతం విభాగం ఉన్నా, అది చూసేది విద్యార్థుల్లో ఇతర ప్రాంతాలవాళ్లు, మహిళలు, వెనుకబడిన వర్గాలు, దివ్యాంగులు ఎంతమందికి చోటుందన్నది. పేరు చూసి జనంలోకి వెళ్లడానికి మార్కులని పొరబడే అవకాశం ఉంది, అందుకే ఈ వివరణ.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా ఈ పాయింట్ల పద్ధతిని పక్కనపెట్టి, చెప్పుకోదగ్గ కృషి కింద కొన్ని రంగాలను పేర్కొంది. భారతీయ భాషల్లో బోధన, సమాజ సేవ అందులో ఉన్నాయి. సూత్రప్రాయంగా తెలుగు సైన్స్ ఫిల్ముకు ఇది తలుపు తెరవగలదు. కానీ దాన్ని ఎలా తూచాలన్నది విశ్వవిద్యాలయ కమిటీల చేతిలోనే ఉంటుంది. వ్యూస్ చూసి తూస్తే వినోదం గెలుస్తుంది. ఫిల్ముకు ముందు పది ప్రశ్నలు, నెల తర్వాత అవే పది ప్రశ్నలు ఒక ఊళ్లో అడిగి తేడా చూపిస్తే, అది కూడా పరిశోధనే అవుతుంది, దాని మీద వ్యాసమూ రాయొచ్చు. అధ్యాపకుల పాత అవసరం, ఊరి కొత్త అవసరం కలిసే చోటు ఇది.

దక్షిణ తెలంగాణలో ఇలా తీయదగ్గ విషయాలకు కొదవలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా ఆముదం మీద పనిచేస్తోంది. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, అక్కడి చెంచులకు అడవి గురించి తెలిసినంత ఏ ల్యాబుకూ తెలియదు. చెంచుల విషయంలో కెమెరా దిశ మారాలి. చెప్పేది వాళ్లు, నేర్చుకునేది విశ్వవిద్యాలయం.

ఫ్లోరైడ్ ఫిల్ము ప్రదర్శన అయ్యాక ఊళ్లో రాగల ప్రశ్నలు ఊహించడం కష్టం కాదు. మేం నల్లా నీళ్లు తాగుతున్నాం సరే, బర్రెలు బోరు నీళ్లే తాగుతున్నాయి, వాటి పాలు పిల్లలకు పోయొచ్చా? ఫ్లోరైడ్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుందన్న జవాబు శాస్త్రం దగ్గర ఉంది. టీ సంగతేమిటి? తేయాకుకు నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకునే గుణం ఉంది, కాబట్టి రోజుకు ఎన్ని కప్పులు, ఏ నీళ్లతో కాస్తున్నారన్నది లెక్కలోకి వస్తుంది. బోరు నీళ్లు పారించిన కూరగాయల సంగతేమిటి? ఆ ఊరి నేలకు, ఆ ఊరి బోరుకు వర్తించే జవాబు కావాలంటే ఎవరో ఒకరు మళ్లీ సంచీ, సీసాలు పట్టుకుని ఆ ఊరికే వెళ్లి నమూనాలు తీయాలి.